లోతు సముద్రపు సముద్ర దోసకాయ: కొత్త జాతి అని తేల్చేదెలా, వర్ణన రాసేదెలా

అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల్లో జువాలజీ పీజీ చేస్తున్నవాళ్లు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మనకు సముద్రమే లేదు. సముద్ర జీవుల్లో కొత్త జాతిని మనం వర్ణించగలమా?" తప్పకుండా వర్ణించగలరు. లోతు సముద్రం నుంచి జీవిని పైకి తెచ్చేది ఓడ. అది కొత్తదో పాతదో తేలేది మాత్రం మైక్రోస్కోపు కింద, వందేళ్ల నాటి వర్ణనలు పక్కన పెట్టుకుని చూసినప్పుడే. ఆ పని కొచ్చిలో చేసినా కడపలో చేసినా ఒకటే. సముద్ర దోసకాయ (సముద్రం అడుగున బతికే, దోసకాయ ఆకారపు మెత్తని ఒంటి జంతువు) విషయంలో ఆ బల్ల మీది పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక విషయం మొదట్లోనే మనసులో నాటుకోవాలి. కొత్త జాతి అని నిరూపించడానికి దగ్గరి దారి ఏదీ లేదు. ఆ ప్రజాతిలో (జీనస్‌లో) ఇప్పటికే పేరున్న జాతుల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, ఇది అది కాదు, ఎందుకు కాదో ఇదిగో అని చూపించాలి. దానికి ఓపిక కావాలి, స్లైడ్లు శుభ్రంగా ఉండాలి.

ముందుగా చట్టం

మన దేశంలో సముద్ర దోసకాయలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ప్రాక్టీసు కోసమే కదా అని రేవులో జాలర్ల దగ్గర ఒకటి కొనుక్కొస్తే అది నేరం. నమూనాలు సంస్థల నుంచి, కాగితాల మీద, అరువుగా రావాలి. కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం సీఎంఎల్‌ఆర్‌ఈ (సాగర్ సంపద ఓడ వీళ్లదే), గోవాలోని సముద్ర విజ్ఞాన సంస్థ ఎన్‌ఐఓ, కోల్‌కతాలోని జంతు సర్వే సంస్థ జెడ్‌ఎస్‌ఐ లాంటి చోట్లకు మీ గైడ్, మీ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకాలతో ఉత్తరం రాయండి. నమూనా వాళ్లు పంపకపోతే మీరే వెళ్లి అక్కడి ల్యాబులో కూర్చుని చూసుకోవచ్చు. పాత నమూనాల విషయంలో నా సలహా రెండోదే, ఎందుకంటే పార్శిల్లో దెబ్బతిన్న హోలోటైప్‌ను (జాతి పేరుకు ఆధారమైన ఒకే ఒక్క నమూనాను) మళ్లీ తెచ్చుకోలేం.

ప్రాక్టీసుకి మీ కాలేజీ మ్యూజియంలో పాత హోలోథూరియా (సముద్ర దోసకాయల్లో ఒక ప్రజాతి) జాడీ ఉందేమో చూడండి. హెచ్‌ఓడీ అనుమతితో దాని నుంచి చిన్న ముక్క తీసుకుంటే చాలు.

కావలసినవి

- డిసెక్షన్ మైక్రోస్కోపు ఒకటి, 400 రెట్ల వరకు చూపించే మామూలు కాంపౌండ్ మైక్రోస్కోపు ఒకటి. పోలరైజర్ ఫిల్టర్లు దొరికితే ఇంకా మంచిది.
- స్టేజ్ మైక్రోమీటర్, ఐపీస్ మైక్రోమీటర్. ఇవి లేకుండా పని మొదలుపెట్టొద్దు.
- బట్టలు తెల్లబరచడానికి వాడే బ్లీచ్ ద్రావణం, అంటే 4–5 శాతం సోడియం హైపోక్లోరైట్. కొత్త సీసా కొనండి. మన ఎండలకు షాపులో నిలవున్న బ్లీచ్ బలం తగ్గిపోయి ఉంటుంది.
- డిస్టిల్డ్ వాటర్, 70 శాతం, 95 శాతం ఇథనాల్.
- చిన్న మూత ట్యూబులు, డ్రాపర్లు, సన్నని కత్తెర, ఫోర్సెప్స్, స్లైడ్లు, కవర్‌స్లిప్పులు, డీపీఎక్స్ లేదా కెనడా బాల్సమ్ (స్లైడ్ మీద కవర్‌స్లిప్ అతికించే జిగుర్లు).
- మందపు కాగితం, పెన్సిల్. బాల్‌పెన్, స్కెచ్‌పెన్ రాతలు ఆల్కహాల్‌లో కరిగిపోతాయి.
- కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్.

1. జాడీ మూత తీయకముందు లేబుల్ చదవండి

ఓడ పేరు, స్టేషన్ నంబరు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, లోతు, దేనితో పట్టారు (ట్రాల్ వలా, డ్రెడ్జా, రోబో చెయ్యా), ఎందులో నిలవ చేశారు: ఇవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. లోతు, స్థలం తెలియని నమూనా మీద కొత్త జాతి నిలబెట్టొద్దు. పాత లేబుల్ చిరిగిపోయినా పారేయకండి. కొత్త లేబుల్ రాసి రెండూ లోపలే ఉంచండి.

ఫార్మలిన్ వాసన వస్తే జాగ్రత్త పడాలి. ఫార్మలిన్ కాలం గడిచేకొద్దీ ఆమ్లంగా మారుతుంది, సముద్ర దోసకాయ చర్మంలోని సున్నపు ముక్కల్ని మెల్లగా తినేస్తుంది. పీహెచ్ కాగితం ముంచి చూడండి. ఆమ్లంగా ఉంటే ఆ సంగతి కూడా రాసుకోండి, తర్వాత దీని అవసరం చాలా ఉంది.

వేసవిలో మరో పని. మే నెల వేడికి మన గదుల్లో జాడీలోని ఆల్కహాల్ నీటికంటే ముందు ఆవిరవుతుంది. వారానికోసారి మట్టం చూసి, తగ్గితే 70–80 శాతం ఆల్కహాల్ నింపండి.

2. డీఎన్‌ఏ ముక్క మొదట, మిగతావన్నీ తర్వాత

తాజా నమూనా అయినా, ఆల్కహాల్‌లోనే ఉన్నదైనా, కండరం నుంచి చిన్న ముక్క తీసి 95 శాతం ఇథనాల్‌లో వేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. జాతుల్ని పోల్చడానికి చదివే సీఓఐ, 16ఎస్ జన్యువుల కోసం ఇది పనికొస్తుంది. ఫార్మలిన్‌లో ఏళ్లు గడిపిన నమూనా నుంచి డీఎన్‌ఏ సాధారణంగా రాదు. దాని మీద డబ్బు, టైమ్ పెట్టకుండా రూపం మీదే ఆధారపడండి. ముక్కను విదేశీ ల్యాబుకు పంపాలనుకుంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతుల సంగతి ముందే తేల్చుకోవాలి.

3. బయటి రూపం

ట్రేలో ఆల్కహాల్ పోసి నమూనాను మునిగేలా ఉంచి, పక్కన స్కేలు పెట్టి, వీపు, కడుపు, రెండు పక్కలు, నోటి వైపు ఫొటోలు తీయండి. తర్వాత కొలతలు: పొడవు, వెడల్పు, టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే స్పర్శకాలు) ఎన్ని, నాళికా పాదాలు (గొట్టాల్లాంటి మెత్తని కాళ్లు) ఎన్ని జతలు, ఎక్కడ నుంచి ఎక్కడి దాకా ఉన్నాయి, వీపు మీద పాపిల్లాలు (వేళ్లలా పొడుచుకొచ్చే చర్మపు మొనలు) ఎన్ని, ఎంత పొడవు, ఒంటి అంచున తెరలాంటి మడత ఉందా.

ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది. లోతు సముద్రపు సముద్ర దోసకాయల్లో చాలావాటి ఒళ్లు నీటితో నిండిన జిగురు ముద్దలా ఉంటుంది. ట్రాల్ వలలో రాళ్లు, బురదతో కలిసి పైకి వచ్చేసరికి చర్మం గీసుకుపోయి, పాపిల్లాలు ఊడిపోయి ఉంటాయి. ఊడిన పాపిల్లాను లేని పాపిల్లాగా లెక్కేస్తే లేని జాతి ఒకటి పుడుతుంది. వీపు మీద చిన్న మచ్చలు, చిరుగులు ఉన్నాయేమో పక్క నుంచి వెలుతురు వేసి చూడండి. మచ్చ ఉంటే "పాపిల్లా ఊడిపోయింది" అని రాయండి. ఆల్కహాల్‌లో ఒళ్లు బాగా ముడుచుకుంటుంది కాబట్టి పొడవును ఎప్పుడూ "నిలవ చేశాక ఇంత" అనే రాయాలి. రంగు కూడా అంతే. ఊదా రంగు జాతులు ఆల్కహాల్‌లో వెలిసిపోతాయి. సముద్రం అడుగున తీసిన వీడియో ఉంటే అడిగి తెప్పించుకోండి.

4. ఆసికిల్స్: అసలు పని ఇక్కడే

చర్మంలో కంటికి కనపడని కాల్షియం కార్బొనేట్ ముక్కలుంటాయి. వాటినే ఆసికిల్స్ అంటాం. కడ్డీలు, శిలువలు, చక్రాలు, బొత్తాలు, రంధ్రాల పలకలు ఇలా వాటి ఆకారాలను బట్టే కుటుంబం, ప్రజాతి, చాలాసార్లు జాతి కూడా తేలుతుంది. అందుకే ఈ మెట్టు దగ్గర తొందర పనికిరాదు.

అ) వీపు చర్మం, కడుపు వైపు చర్మం, పాపిల్లా, నాళికా పాదం, టెంటకిల్: ఈ ఐదు చోట్ల నుంచి 2–3 మిల్లీమీటర్ల ముక్కలు కోయండి. కోతలన్నీ ఒంటికి ఒకే పక్కన ఉండాలి. రెండో పక్క రాబోయే వాళ్ల కోసం చెక్కుచెదరకుండా ఉండాలి.

ఆ) ఐదు ముక్కలు ఐదు ట్యూబుల్లో. ట్యూబుకో డ్రాపర్. ఒకే డ్రాపర్ అన్నిటికీ వాడితే టెంటకిల్ కడ్డీలు వీపు స్లైడ్‌లో తేలుతాయి, మీరు వాటిని కొత్త లక్షణంగా రాసేస్తారు.

ఇ) ఆరో ట్యూబులో ముక్క వేయకుండా బ్లీచ్ మాత్రమే పోయండి. ఇది ఖాళీ ట్యూబు. చివరి దాకా మిగతా ఐదింటికి చేసినవన్నీ దీనికీ చేయాలి.

ఈ) ముక్క మునిగేంత బ్లీచ్ పోసి కదపకుండా వదిలేయండి. ముక్క చుట్టూ సన్నని బుడగలు మొదలవుతాయి, అంచులు పారదర్శకమవుతాయి, తర్వాత ముక్క విడిపోయి అడుగున తెల్లని పిండిలాంటిది మిగులుతుంది. జిగురు ఒంటి జాతులకు కొద్ది నిమిషాలు చాలు, మందపు చర్మానికి అరగంట దాకా పట్టొచ్చు. కణజాలం కరిగిన వెంటనే ఆపండి. గంటల తరబడి వదిలేస్తే ఆసికిల్స్ అంచులు కూడా అరిగిపోతాయి.

ఉ) పై ద్రావణాన్ని మెల్లగా తీసేసి డిస్టిల్డ్ వాటర్ పోయండి. పిండి అడుగుకు చేరేదాకా ఆగండి. ఇలా ఐదుసార్లు. తర్వాత ఇథనాల్‌తో రెండుసార్లు. డిస్టిల్డ్ వాటర్ గాలి తగిలితే కొంచెం ఆమ్లంగా మారుతుంది, కాబట్టి అందులో రాత్రంతా ఉంచొద్దు.

ఊ) ఇథనాల్‌తో సహా ఒక చుక్క స్లైడ్ మీద వేసి, ఆరాక డీపీఎక్స్ చుక్క, పైన కవర్‌స్లిప్. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి పంపేదైతే మిగిలిన పిండిని ఇథనాల్‌లోనే భద్రం చేయండి.

హెచ్చరిక: బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఇతర ఆమ్లం గానీ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్ పూర్తిగా కడగకుండా ఆల్కహాల్ పోయడం కూడా ప్రమాదమే. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని చేయండి.

మరో హెచ్చరిక మన ప్రాంతం వాళ్లకే. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని బోరు నీళ్లతో కడగొద్దు. మన నీళ్లలో సున్నం ఎక్కువ. నమ్మకం కలగకపోతే ల్యాబ్ కుళాయి నీళ్లు ఒక చుక్క శుభ్రమైన స్లైడ్ మీద ఆరబెట్టి 100 రెట్లలో చూడండి. చుట్టూ తెల్లని వలయం, అందులో కోణాలున్న చిన్న స్ఫటికాలు కనిపిస్తాయి. అవీ కాల్షియం కార్బొనేటే, వెనిగర్ వేస్తే అవీ బుస్సుమంటాయి. ఖాళీ ట్యూబు స్లైడ్ ఉన్నది ఇలాంటివి పట్టుకోవడానికే. అందులో కనిపించేదేదీ మీ జీవిది కాదు.

స్లైడ్‌లో కనిపించేవన్నీ ఆసికిల్సేనా?

లోతు సముద్రపు బురదంతా ఫొరామినిఫెరా (ఫొరామ్‌లు), రేడియోలేరియా అనే ఏకకణ జీవుల గుల్లలతో, స్పాంజ్ ముళ్లతో నిండి ఉంటుంది. అవి చర్మానికి అంటుకుని స్లైడ్‌లోకి వస్తాయి. ఇలా పరీక్షించండి:

- బాగా కడిగిన పిండిని విడిగా కొంచెం స్లైడ్ మీద పెట్టి వెనిగర్ చుక్క వేయండి. ఆసికిల్స్ బుడగలతో కరుగుతాయి. స్పాంజ్ ముళ్లు, రేడియోలేరియాలు సిలికావి, కరగవు.
- పోలరైజర్లు అడ్డంగా తిప్పి చూస్తే ఆసికిల్స్ చీకట్లో మెరుస్తాయి, సిలికా మెరవదు.
- సున్నపు గుల్లలున్న ఫొరామ్‌లు రెండు పరీక్షల్లోనూ ఆసికిల్స్‌లాగే ప్రవర్తిస్తాయి. వాటిని గదుల వరుస చూసి గుర్తుపట్టాలి. ఆసికిల్‌లో గదులుండవు.
- ఒకే ఒక్కసారి కనిపించిన ఆకారాన్ని నమ్మొద్దు. అదే చోటి నుంచి మళ్లీ ముక్క తీసి చూడండి.

ఆసికిల్స్ అసలే కనపడకపోతే? "ఈ జాతికి ఆసికిల్స్ లేవు" అని రాసే ముందు మొదటి మెట్టులో రాసుకున్న పీహెచ్ చూడండి. ఆమ్ల ఫార్మలిన్‌లో ఉండి ఉంటే కరిగిపోయి ఉండొచ్చు. పెలాగోథురిడే కుటుంబం లాంటి వాటిలో నిజంగానే ఉండవు, నీటిలో ఈదే ఎనిప్నియాస్టిస్ అక్కడిదే. రెండింటినీ వేరు చేయాలంటే అదే నమూనాలో నోటి దగ్గరి సున్నపు వలయం ఎలా ఉందో చూడండి. అది కూడా మెత్తబడి, అరిగిపోయి ఉంటే ఫార్మలిన్‌నే అనుమానించాలి.

కొలవడం

ఐపీస్ గీతల విలువ ప్రతి లెన్సుకీ వేరు. స్టేజ్ మైక్రోమీటర్‌లో ఒక్కో గీత 10 మైక్రాన్లు. 40 లెన్సుతో ఐపీస్‌లోని 40 గీతలు స్టేజ్ మీది 10 గీతలతో కలిశాయనుకోండి. అంటే 40 గీతలు 100 మైక్రాన్లు, ఒక్కో ఐపీస్ గీత 2.5 మైక్రాన్లు. 10 లెన్సుకి మారగానే ఈ లెక్క మళ్లీ చేయాలి. 40 లెన్సు విలువతోనే 10 లెన్సు కొలతలు రాసేస్తే ఆసికిల్స్ నాలుగో వంతు సైజుకి పడిపోతాయి, ఆ కొలతలతో ఏ జాతితోనూ పోలిక కుదరదు. ప్రతి రకం ఆకారంలో కనీసం ఓ ఇరవై కొలిచి, కనిష్ఠం, గరిష్ఠం, సగటు, ఎన్ని కొలిచారు అన్నవి నాలుగూ రాయండి. విరిగిన ముక్కల్ని కొలవొద్దు.

5. లోపలి భాగాలు

ఒకటికంటే ఎక్కువ నమూనాలుంటేనే కోయండి. హోలోటైప్ కాబోయేదాన్ని వీలైనంత వదిలేయండి. సున్నపు వలయం, జననాంగం, శ్వాస వృక్షాలు (కొమ్మల్లా చీలే లోపలి శ్వాసావయవాలు) ఉన్నాయా లేవా అన్నవి చూస్తే చాలు.

6. కుటుంబం, ప్రజాతి

కొన్ని గుర్తులు: వీపు వెనక భాగం నుంచి ఒంటరిగా తోకలాంటిది లేస్తే సైక్రోపోటిస్, అదే కుటుంబంలో అది లేకపోతే బెంథోడైటిస్ వైపు చూడండి. పది టెంటకిల్స్, ముందు భాగంలో పాపిల్లాలు కలిసిపోయి తెరలా నిలబడితే పెనియాగోనె. పొడవాటి కాళ్లలాంటి నాళికా పాదాలు కొద్ది జతలే ఉంటే స్కోటోప్లేన్స్. చర్మం బిరుసుగా, రంధ్రాల పెద్ద పలకలతో ఉంటే డీమాటిడే. ఆసికిల్స్ చక్రాలైతే లెట్మోగోనిడే.

కానీ చక్రాలు మిరియోట్రోకిడే కుటుంబంలోనూ ఉంటాయి, వాటికి నాళికా పాదాలుండవు. స్లైడ్ ఒక్కటే చూసి కుటుంబం రాసేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. స్లైడ్, ఒళ్లు రెండూ ఒకే మాట చెప్పాలి.

7. పోల్చడం

వర్మ్స్ అనే సముద్ర జాతుల జాబితా తెరిచి, మీ ప్రజాతిలో చెల్లుబాటయ్యే పేర్లన్నీ రాసుకోండి. తర్వాత ప్రతి జాతి మొదటి వర్ణన సంపాదించాలి. పాతవి చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఛాలెంజర్ ఓడ సేకరణ మీద టీల్ 1882, 1886లో రాసినవి ఇంగ్లీషులోనే ఉన్నాయి. మన హిందూ మహాసముద్రానికి అత్యవసరం కోహ్లర్, వానీ 1905లో ఇన్వెస్టిగేటర్ ఓడ నమూనాల మీద రాసినది. ఫ్రెంచ్ కదా అని వదిలేయొద్దు. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల నమూనా మీద పనిచేస్తూ దాన్ని చూడకుండా "కొత్తది" అంటే ఏ రివ్యూయరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఎలాసిపోడా వర్గానికి హాన్సెన్ 1975లో చేసిన సమీక్ష ఇప్పటికీ బల్ల మీద ఉండాల్సిందే.

ఒక పట్టిక గీయండి. వరుసల్లో జాతులు, నిలువు గడుల్లో లక్షణాలు: టెంటకిల్స్, పాదాల జతలు, పాపిల్లాలు, వీపు ఆసికిల్స్ ఆకారం, సైజు, లోతు, చోటు. గడి ఖాళీగా ఉంటే పాత రచయిత ఆ లక్షణం చెప్పలేదని అర్థం. ఆ గడిని తేడాగా లెక్కపెట్టొద్దు, టైప్ నమూనా ఉన్న మ్యూజియంకి రాసి అడగండి.

వయసు కూడా చూసుకోవాలి. సముద్ర దోసకాయ పెరిగేకొద్దీ ఆసికిల్స్ మారవచ్చు. మీ చిన్న నమూనాను పాత రచయిత పెద్ద నమూనాతో పోలిస్తే వచ్చే తేడా జాతిది కాకపోవచ్చు.

డీఎన్‌ఏ వచ్చి ఉంటే అది ఇక్కడ సాక్ష్యంగా చేరుతుంది. సైక్రోపోటిస్ లాంగికాడా అనేది అన్ని సముద్రాల్లో ఒకటే జాతి అనుకున్నారు చాలాకాలం. డీఎన్‌ఏ చూశాక అందులో ఒకటికంటే ఎక్కువ జాతులున్నాయని తేలింది. అయినా ఒక్క సీఓఐ తేడా శాతం పట్టుకుని జాతి ప్రకటించొద్దు. డేటాబేసులో లోతు సముద్రపు జాతులు తక్కువ, అక్కడ దొరకలేదంటే ఎవరూ సీక్వెన్స్ చేయలేదని మాత్రమే కావచ్చు.

సరిచూసుకునే పద్ధతి

మీ నమూనా స్లైడ్లు, దగ్గరి జాతి స్లైడ్లు లేదా ఫొటోలు కలిపి, పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే వేసి తోటి విద్యార్థికి ఇవ్వండి. ఆ అమ్మాయో అబ్బాయో ఏ సాయం లేకుండా రెండు కుప్పలుగా విడదీయగలిగితే మీ తేడా నిజమైనదే. విడదీయలేకపోతే ఆ తేడా మీ మనసులోనే ఉంది, మళ్లీ పట్టిక దగ్గరికి వెళ్లండి.

8. వర్ణన రాయడం

ఈ వరుసలో రాయండి: కుటుంబం, ప్రజాతి, కొత్త పేరు, పక్కన "కొత్త జాతి" అని స్పష్టంగా, హోలోటైప్, పారాటైప్‌ల (వర్ణనకు వాడిన మిగతా నమూనాల) రిజిస్టర్ నంబర్లు, ఏ సంస్థలో ఉంచారో, టైప్ దొరికిన చోటు, లోతు, నిర్ధారణ లక్షణాలు, పూర్తి వర్ణన, పేరు వివరణ, దగ్గరి జాతులతో పోలిక. జంతు నామకరణ నియమావళి ప్రకారం 1999 తర్వాతి పేరు చెల్లాలంటే హోలోటైప్‌ను స్పష్టంగా చూపాలి, ఎక్కడ ఉంచారో చెప్పాలి, తేడాలను మాటల్లో రాయాలి. ఫొటోలు పెట్టి మాటలు వదిలేస్తే చెల్లదు.

నిర్ధారణ లక్షణాలు నాలుగైదు వాక్యాలు దాటొద్దు. "పెద్ద", "చాలా", "కొంచెం పొడవు" అని రాయకండి. పెద్ద అంటే ఎంత? అంకె వేయండి. ప్రతి ఫొటోలో స్కేల్ బార్ ఉండాలి.

9. పేరు

పేరు విశేషణమైతే ప్రజాతి లింగంతో కలవాలి. హోలోథూరియా స్త్రీలింగం కాబట్టి నల్లదాన్ని హోలోథూరియా ఆట్రా అన్నారు. పుంలింగ ప్రజాతి అయితే ఆటర్ అవుతుంది.

సొంత ఊరి మీద ప్రేమతో "కడపెన్సిస్", "కర్నూలెన్సిస్" అని పెట్టాలనిపిస్తుంది. నియమావళి దాన్ని కొట్టేయదు, అదే చిక్కు. ఒకసారి అచ్చయితే తగని పేరని మార్చడానికి ఉండదు, వేల మీటర్ల లోతు జీవి కడపలో దొరికిందని చదివేవాళ్లు ఎప్పటికీ పొరబడుతూనే ఉంటారు. ఊరి పేరు మీ చిరునామాలో ఎలాగూ ఉంటుంది. తన పేరే పెట్టుకోవడం మర్యాద కాదు.

ప్రచురణకు ముందు ఆ పేరును సెమినార్‌లో, పేపర్ వాళ్లకు, వాట్సాప్‌లో చెప్పొద్దు. వర్ణన లేకుండా బయటికి వచ్చిన పేరు చెల్లని పేరుగా తిరుగుతుంది.

10. జమ, ప్రచురణ

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం గుర్తించిన సంస్థలో జమ చేయాలి. నమూనాతో పాటు స్లైడ్లు, మిగిలిన పిండి, డీఎన్‌ఏ ముక్క అన్నీ ఒకే నంబరు కింద ఇవ్వండి. రిజిస్టర్ నంబరు చేతికి వచ్చాకే వ్యాసం పంపండి. జర్నల్ ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే ప్రచురణకు ముందే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో) నమోదై, ఆ నమోదు సంగతి వ్యాసంలో కనిపించాలి. డబ్బు కట్టగానే రివ్యూ లేకుండా వేసే జర్నల్స్ జోలికి వెళ్లొద్దు. ప్రమోషన్ టెన్షన్‌లో అలా వేసిన పేర్లను సరిదిద్దడానికి తర్వాతి వాళ్లకు ఏళ్లు పడుతుంది.

కొత్తది కాదని తేలితే

చాలాసార్లు ఇదే జరుగుతుంది, చేసిన పని వృథా పోదు. 1905 నాటి జాతుల్లో కొన్నిటికి చేతితో గీసిన బొమ్మలు తప్ప ఫొటోలు లేవు, డీఎన్‌ఏ లేదు. మీ స్లైడ్లు, కొలతలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలతో ఆ జాతికి పునర్వర్ణన రాయండి. కొత్త లోతులోనో కొత్త చోటో దొరికి ఉంటే ఆ రికార్డు కూడా అందులోనే వేయండి. పాత వర్ణనలో ఖాళీగా ఉన్న గడుల్ని మీ పట్టికలో గుర్తుపెట్టుకున్నారు కదా, పునర్వర్ణన ఆ గడులతోనే మొదలుపెట్టండి.